అయిదో మాట

నాకు పగ పట్టడం బాగా వచ్చు. మా అమ్మ వైపు వాళ్ళు గుంటూరు జిల్లా నుంచి సికింద్రాబాద్ వచ్చేటప్పుడు రెండు ట్రంకు పెట్టెలతో పాటు నాలుగైదు పగలు కూడా తెచ్చుకున్నారు. మా అమ్మమ్మ తన తోడికోడలితో చచ్చేదాకా మాట్లాడలేదు. ఎందుకమ్మమ్మా అని అడిగితే, "కారణం మర్చిపోయానే, కోపం మాత్రం గుర్తుంది" అనేది. అలాంటి ఇంట్లో పుట్టినదాన్ని. ఇది చదివి ఎవరైనా నాకు నీతులు చెప్పబోతే నేను వినను, ముందే చెప్తున్నాను.

పగతో పాటు పుట్టుకతో వచ్చిన ఇంకో విద్య వెక్కిరించడం. పద్మారావు నగర్‌లో ఒక బడిలో తెలుగు చెప్పేదాన్ని. స్టాఫ్ రూములో మా హెడ్‌మిస్ట్రెస్ నడక నడిచి చూపిస్తే టీచర్లు టీ గ్లాసులు కింద పెట్టి మరీ నవ్వేవాళ్ళు. మా చర్చిలో ఎవరు ఎలా ప్రార్థన చేస్తారో, ఎవరు ఏ మాట దగ్గర గొంతు వణికిస్తారో అన్నీ నా దగ్గర ఉండేవి. నోరు మంచిదైతే ఊరు మంచిదవుతుందని మా ఆయన అప్పుడప్పుడూ గుర్తు చేసేవాడు. గుర్తు చేస్తూనే, "ఏదీ, ఇంకోసారి చెయ్యి" అనేవాడు.

చర్చిలో స్త్రీల సమాజానికి సెక్రటరీగా ఒకావిడ ఉండేది. నాకంటే పదేళ్ళు పెద్ద. ఏదో ఆఫీసులో సూపరింటెండెంటు. ఆమెను అందరం సెక్రటరీ అక్క అనేవాళ్ళం. పండగకు ఎవరు ఏం వండాలి, పెళ్ళి విందులో ఎవరు ఏ వరసలో కూర్చోవాలి, అంతా ఆమె చెప్పినట్టే జరిగేది. పాటలో గొంతు పైకి వెళ్ళాల్సిన చోట ఆమె నోటి కుడి మూల చెవి వైపు పాకేది, ఆ పక్క కన్ను దానంతటదే మూసుకుపోయేది. అది నా కంట పడకుండా ఎలా ఉంటుంది?

ఆ డిసెంబర్‌లో చర్చి వెనక వంటింట్లో పండక్కి గులాబీ పువ్వులు వండుతున్నాం. ఇనప అచ్చును పిండిలో ముంచి, కాగే నూనెలో పెట్టి తీసే పని. ఒకావిడ, "వదినా, సెక్రటరీ అక్క పాట ఒక్కసారి కానివ్వండి" అంది. నేను బతిమాలించుకునే రకం కాదు. నోరు కుడి చెవి దాకా లాగి, కన్ను మూసి, అచ్చునే పాటల పుస్తకంలా పట్టుకుని రాగం తీశాను. పిండి కలుపుతున్నావిడ నవ్వలేక గోడకు ఆనుకుంది. ఆ నవ్వు ఉన్నట్టుండి ఆగిపోయింది. వెనక్కి తిరిగి చూస్తే గుమ్మంలో సెక్రటరీ అక్క.

"బాగా చేశావు చెల్లీ" అంది. పొయ్యి దగ్గరికి వెళ్ళి మంట తగ్గించి వెళ్ళిపోయింది. క్షమించమని అడగాలని నాకు తోచలేదు. నిజం చెప్పాలంటే తోచింది గానీ, అప్పటిదాకా నవ్విన వాళ్ళ ముందు అడగబుద్ధి కాలేదు.

జనవరి నడుమ ఒక ఉదయం పళ్ళు తోముకుని పుక్కిలించబోతే నోట్లో నీళ్ళు నిలవలేదు. ఎడమ మూల నుంచి చిమ్మి అద్దం మీద పడ్డాయి. అద్దం తుడిచి చూసుకున్నాను. ఎడమ పక్క ముఖం మొత్తం జారిపోయి ఉంది. నుదుటి మీద ఆ పక్క గీతలు లేవు. కళ్ళు మూయబోతే కుడిది మూసుకుంది, ఎడమది తెల్లగుడ్డు చూపిస్తూ తెరుచుకునే ఉంది. నోరు కుడి చెవి వైపు లాక్కుపోయింది. టవల్ భుజాన వేసుకుని వెనక నిలబడ్డ మా ఆయన నవ్వి, "పొద్దున్నే ఎవర్ని వెక్కిరిస్తున్నావు?" అన్నాడు. జవాబు చెబుదామంటే పెదవులు కలవలేదు, మాట బదులు గాలి వచ్చింది. ఆయన మొహంలో నవ్వు పోవడం అద్దంలో చూశాను. ఇప్పటికీ ఆ ఉదయం తలుచుకుంటే నాకు మొదట గుర్తొచ్చేది నా మొహం కాదు, ఆయన మొహమే.

"భయపడకండమ్మా, ఇది మీరనుకునే పక్షవాతం కాదు" అన్నాడు డాక్టరు. "మెదడుకేం కాలేదు. ముఖానికి వెళ్ళే నరం వాచింది, అంతే. చాలామందికి రెండు మూడు నెలల్లో తగ్గిపోతుంది."

"తగ్గనివాళ్ళకి?" అని మా ఆయన అడిగాడు.

"కొందరికి కొంచెం మిగిలిపోతుంది."

ఎందుకొచ్చిందంటే మాత్రం, చలిగాలి అనేవాళ్ళున్నారు, వైరస్ అనేవాళ్ళున్నారు, ఖచ్చితంగా చెప్పలేం అన్నాడు. కారణం చెప్పకుండా ఖాళీ వదిలేశాడు. ఆ ఖాళీ పూరించడానికి మా చర్చి ఉంది.

అన్నం తింటే మెతుకులు ఎడమ బుగ్గలో ఉండిపోయేవి, వేలు పెట్టి తీసుకోవాలి. నాలుకకు ఒక పక్కే రుచి తెలిసేది. పక్కింటి కుక్కర్ విజిల్ వేస్తే ఎడమ చెవిలో సూది గుచ్చినట్టుండేది. కన్ను మూసుకోదు కనక పడుకునేటప్పుడు మందు వేసి, రెప్పను టేపుతో అంటించుకునేదాన్ని. పగలు ఏ కాస్త గాలి తగిలినా ఆ కంటి నుంచి నీళ్ళు కారేవి. రెప్ప కొట్టుకోనంత కాలం అంతేనన్నాడు డాక్టరు. అన్నిటికన్నా కష్టం మాట. 'ప' అనాలన్నా, 'బ' అనాలన్నా, 'మ' అనాలన్నా పెదవులు కలవాలి. తెలుగు టీచరుకు ఈ మూడూ లేకపోతే ఇంకేం మిగిలింది? బడికి సెలవు పెట్టాను.

మా పక్క వాటాలో ఒకావిడ ఉండేది. పుట్టి పెరిగిందంతా ఇక్కడే. వాళ్ళాయనకు మోండా మార్కెట్‌లో స్టీలు సామాన్ల కొట్టు. నన్ను చూసి ముందు నోటి మీద చెయ్యి వేసుకుంది, ఆ వెంటనే వైద్యం మొదలుపెట్టింది.

"టీచరమ్మా, గీ గోలీలతోని ఏం గాదు. జంగ్లీ కబూతర్ రక్తం ఎచ్చగ చెంపకు రుద్దితె ఎనిమిది దినాలల్ల మూతి సక్కగైతది. మా ఆడబిడ్డకు సుత గిట్లనే అయ్యిండె. మోండాల జెర అడిగితె ఎవడన్న తెచ్చిస్తడు."

పావురం రక్తం వద్దని రెండు చేతులూ ఊపాను. "సరే తీ, ఉప్పు కాపుడమన్న పెట్టుకో" అని తానే ఉప్పు వేయించి, గుడ్డలో మూటకట్టి తెచ్చింది. ఆ కాపడం వల్ల నరం బాగుపడిందని నేను అనను గానీ, ఆ నెలంతా నా మొహాన్ని భయం లేకుండా ముట్టుకున్న మనిషి ఆవిడొక్కతే.

జబ్బుపడ్డాక మూడో ఆదివారం చర్చికి వెళ్ళాను. నల్ల కళ్ళద్దాలు, నోటికడ్డంగా కొంగు. మా చర్చిలో ఒక అలవాటుంది. ప్రార్థనకు ముందు మనవులు చదువుతారు. ఎవరికైనా జబ్బో, కష్టమో ఉంటే చీటీ రాసి ఇస్తారు, ఆడవాళ్ళవి సెక్రటరీ అక్క చదువుతుంది, సంఘమంతా ప్రార్థిస్తుంది. ఎవరి కోడలు పుట్టింటికెళ్ళిందో, ఎవరబ్బాయి ఉద్యోగం మానేశాడో మాకు ఆ మనవుల్లోనే తెలిసేది. చాడీ చెప్పడం పాపం, మనవి చేయడం పాపం కాదు. ఆ రోజు నేను చీటీ ఏమీ ఇవ్వలేదు.

ఆమె మైకు ముందుకొచ్చి ఇద్దరు ముగ్గురి జబ్బులు చదివాక, చేతిలో కాగితం మడిచి, నా వైపు చూస్తూ చెప్పింది. "మన సహోదరి ఒకరి నోటి మీద ప్రభువు చెయ్యి పడింది. ఆమె తన నోటితో ఎవరినైనా నొప్పించి ఉంటే, దాన్ని పదిమందిలో ఒప్పుకునే మనసు ఆమెకు ఇమ్మని ప్రార్థిద్దాం. ఒప్పుకుంటే స్వస్థత ఎంతసేపు?"

సంఘమంతా ఆమేన్ అంది. నా పక్కన మా ఆయన కూడా అలవాటు కొద్దీ అన్నాడు. అన్నాక నాలుక కరుచుకుని నా వైపు తిరిగాడు. నేను ఆయన వైపు చూడలేదు. మూడు వరసల ముందున్న ఆడవాళ్ళు ఒక్కొక్కరే మెడ తిప్పి, కొంగు చాటునున్న నా నోటిని చూస్తున్నారు. వాళ్ళలో ఆ రోజు వంటింట్లో గోడకు ఆనుకుని నవ్విన మనిషి కూడా ఉంది. ఎవరిని వెక్కిరించిందో అచ్చం వాళ్ళలాగే నోరు పోయిందన్న లెక్క అప్పటికే సంఘమంతా తిరిగిందన్నమాట. సిగ్గుతో చచ్చిపోతానేమో అనుకున్నాను, చావలేదు. ఆ బల్ల మీదే పగ పట్టాను.

అది చాలదన్నట్టు ఆ బుధవారం ఆమె మరో ఇద్దరు ఆడవాళ్ళను వెంటబెట్టుకుని మా ఇంటికొచ్చింది. బత్తాయిలు తెచ్చింది. ప్రార్థన చేసింది, అందులోనూ ఒప్పుకోలు గురించి రెండు వాక్యాలు పెట్టింది. మా ఆయన టీలు తెచ్చాడు. తాగకపోతే బాగుండదని నేనూ కప్పు ఎత్తాను. ఒక్క గుక్క లోపలికి పోయింది, రెండోది ఎడమ మూల నుంచి గడ్డం మీదుగా చీర మీదికి కారింది. అప్పుడు ఆమె లేచి వచ్చి, ఒక చేత్తో నా గడ్డం పట్టుకుని, తన జేబురుమాలుతో చంటిపిల్లకు తుడిచినట్టు తుడిచింది. "అయ్యో, పర్లేదు చెల్లీ" అంది. మిగతా ఇద్దరూ కళ్ళు దించుకున్నారు.

అది జాలి అని అందరూ అన్నారు. కావచ్చు. నా గడ్డం మీద ఆ వేళ్ళు తగిలినప్పుడు నాకు తెలిసింది వేరు. ఆ రోజు నుంచి పరాయి మనిషి ముందు నేను నీళ్ళు తాగలేదు. ఆసుపత్రికి వెళ్ళినా, బజారుకు వెళ్ళినా, నాలుక పిడచకట్టుకుపోయినా ఇంటికి వచ్చి తలుపేసుకునే తాగేదాన్ని.

ఫిబ్రవరిలో చర్చి బోర్డు మీద గుడ్ ఫ్రైడే పట్టిక అంటించారు. ఆ రోజు మధ్యాహ్నం పన్నెండు నుంచి మూడు దాకా మాకు ఆరాధన. సిలువ మీద ప్రభువు పలికిన ఏడు మాటల్ని ఏడుగురు తలా ఒకటి తీసుకుని వివరిస్తారు. పాస్టరుగారొక్కరే కాదు, సంఘంలో మాట్లాడగలిగిన వాళ్ళెవరైనా. ఎవరికి ఏ మాట ఇచ్చారన్నదాన్ని బట్టి ఎవరి స్థానం ఏమిటో చెప్పకనే తెలుస్తుంది. నాలుగోది అన్నిటికన్నా కష్టం, తండ్రి తనను వదిలేశాడని ఆయన అరిచిన మాట. పదకొండేళ్ళుగా అది నాది. నేను చెబుతుంటే మగవాళ్ళు కూడా కళ్ళు తుడుచుకునేవాళ్ళు. ఆ ఏడాది నాలుగో మాట ఎదురుగా సెక్రటరీ అక్క పేరుంది. నా పేరు ఎక్కడా లేదు.

ఆ సాయంత్రమే పాస్టరుగారింటికి వెళ్ళాం. మేం ఆయన్ని అయ్యగారు అంటాం. అయ్యగారు మంచివాడే. మంచివాళ్ళతో వచ్చే చిక్కేమిటంటే, చివర ఎవరు మాట్లాడితే వాళ్ళ మాటే వింటారు.

"మైకు ముందు మీరు ఇబ్బంది పడతారని సెక్రటరీ అక్కగారే అన్నారమ్మా. మీ మంచికోసమే కదా" అన్నాడు.

నేను చెప్పాల్సింది కాగితం మీద రాసి తీసుకెళ్ళాను, నోటితో చెబితే సగం గాలి పోతుందని. "నాకు ఒక మాట ఇవ్వండి. ఇవ్వకపోతే ఎందుకివ్వరో మీరే మైకులో చెప్పండి" అని రాశాను. ఆయన చదివి, మా ఆయన వైపు చూసి, తల గోక్కున్నాడు. "పోనీ అయిదో మాట తీసుకోండి. చిన్నది. దాహం గురించి. అయిదు నిమిషాలు చెప్పినా చాలు" అన్నాడు. అయిదో మాట మా దగ్గర కొత్తగా బాప్తిస్మం పుచ్చుకున్న కుర్రవాళ్ళకు ఇచ్చేది. పదకొండేళ్ళు నాలుగో మాట చెప్పినదానికి అది ఇవ్వడమంటే పుండు మీద కారం చల్లడమే. తలూపి తీసుకున్నాను.

దారిలోనే నాకు అర్థమైంది నాకేం దొరికిందో. సిలువ మీద ప్రభువు దాహమన్నప్పుడు నీళ్ళివ్వలేదు. పుల్లటి చిరకలో, అంటే పులిసిపోయిన ద్రాక్షరసంలో, స్పంజి ముంచి నోటికి అందించారు. అందించిన వాళ్ళు అది కూడా దయే అనుకుని ఉంటారు. ఆ చెయ్యి ఎవరిదో నేను సంఘమంతటి ముందు చెప్తాను. పేరు పెట్టను, వేలు చూపించను. ఆమె కళ్ళలోకి చూస్తూ చెప్తాను. పదిమందిలో నా నోటిని ఎత్తి చూపించిన మనిషికి పదిమందిలోనే తెలియాలి.

ఇక నా వైద్యమంతా ఆ పని కోసమే. రోజు విడిచి రోజు వెళ్ళి చెంపకు కరెంటు పెట్టించుకునేదాన్ని. చిన్న కడ్డీ ఆనిస్తే చెంప దానంతటదే ఎగిరి పడేది, నేను ఎగరెయ్యమంటే ఎగిరేది కాదు. ఇంటికొచ్చి అద్దం ముందు కనుబొమలు ఎత్తడం, బుగ్గలు పూరించడం, ఈల వేయబోవడం, కొవ్వొత్తి ఆర్పడం. కొవ్వొత్తి నెలన్నర దాకా ఆరలేదు. ఊదిన గాలంతా ఎడమ మూల నుంచి పోయేది, మంట నా వైపు వంగి కూడా చూసేది కాదు. రోజూ నూరుసార్లు 'ప ప ప, బ బ బ' అంటుంటే పక్కింటావిడ బియ్యం చాట పట్టుకుని వచ్చి గడప మీద కూర్చుంది.

"ఎవరి మీద టీచరమ్మా గింత కోపం? మంత్రం చదివినట్టు చదువుతున్నవ్."

వచ్చిన మాటలతో, రాని మాటలకు చేతులతో మొత్తం చెప్పాను. ఆవిడ రాళ్ళు ఏరడం ఆపి విన్నది.

"గట్లనా? అయితె మంచిగ పట్టు. కోపముంటె మూతికి తాకత్ వస్తది. కానీ ఒక్కటి చెప్తా, ఏమనుకోకు. ముందుగాల ఎక్కిరించింది నువ్వే కదా?"

నేను వినిపించుకోలేదు. మార్చిలో ఒక సాయంత్రం కొవ్వొత్తి ఆరింది. దేవునికి స్తోత్రం అనాల్సిన సమయం. నేను సెక్రటరీ అక్కను తలుచుకుని, "ఉండు, వస్తున్నా" అన్నాను. ఆ 'ఉ' బాగానే పలికింది. మర్నాటికి 'మ' వచ్చింది. 'ప' మాత్రం వచ్చినట్టే వచ్చి జారిపోయేది. కన్ను సగం మూసుకునేది, పూర్తిగా కాదు. చెప్పాల్సింది రెండు కాగితాల నిండా రాసుకున్నాను. పలకడం కష్టమైన మాటలు తీసేసి తేలికవి పెట్టుకుందామని చూశాను గానీ, పగ తీర్చుకోవడానికి కావలసిన మాటలన్నిట్లోనూ ఎక్కడో ఒక చోట పెదవులు కలవాల్సిందే.

గుడ్ ఫ్రైడే రోజు ఎండ మండిపోతోంది. తెల్లచీరలతో చర్చి నిండిపోయింది. ఆ రోజు మూడింటి దాకా ఎవరూ మంచినీళ్ళు ముట్టరు కనక నాకు కొత్తగా కష్టమేమీ లేదు. నాలుగో మాట సెక్రటరీ అక్క చెప్పింది. బాగా చెప్పలేదు, ఆ సంగతి నేను పగవల్ల అనడం లేదు, బాగా చెప్పలేదు. తర్వాత నన్ను పిలిచారు. నల్ల కళ్ళద్దాలు తీసి బల్ల మీద పెట్టి వెళ్ళాను. వేదిక పక్కన ఎడమ వైపు ఒక టేబుల్ ఫ్యాను తిరుగుతోంది. ఆమె రెండో వరసలో అంచున కూర్చుంది. నా చూపు ఆమె మీద పెట్టాను, అయిపోయేదాకా తీయలేదు.

దాహం ఎలా ఉంటుందో చెప్పాను. రెండు నెలలకు పైగా నేను జనం ముందు నీళ్ళు తాగలేదని చెప్పాను. "నీళ్ళు కావలసినవాడి నోటికి పులుపు పెట్టారు. ఆ చెయ్యి ఎప్పటిదో, ఎక్కడిదో అనుకోకండి. ఆ చెయ్యి ఈ గుడిలోనే ఉంది. ప్రార్థన పేరు చెప్పి పులుపు అందించింది. ఎవరిదో ఆ చేతికి తెలుసు" అన్నాను. 'ప' వచ్చిన చోటల్లా ఆగి, పెదవులు కూడదీసుకుని అప్పుడు పలికాను. ఒక్క అక్షరం కూడా జారనివ్వదలుచుకోలేదు.

వెనక వరసల్లో ఒక ముసలావిడ గట్టిగా స్తోత్రం అంది. ఇంకెవరో ముక్కు చీదారు. ముందు నాకు అర్థం కాలేదు. ఒకరి వెంట ఒకరు కొంగులు కళ్ళకు ఒత్తుకుంటున్నారు. మా ఆయన కూడా. నేను కాగితం వైపు చూస్తే దాని మీద చుక్కలు పడి సిరా అలుక్కుపోతోంది. ఫ్యాను గాలికి నా ఎడమ కంటి నుంచి నీళ్ళు ధారగా కారి గడ్డం మీంచి పడుతున్నాయి. ఎంతసేపటి నుంచి కారుతున్నాయో నాకే తెలియదు.

అప్పుడు తెలిసింది వాళ్ళు ఏం చూస్తున్నారో. నా పెదవులు 'ప' కోసం ఆగిన ప్రతిచోటా నా గొంతు పూడుకుపోయిందనుకున్నారు. కన్నీళ్ళు చూసి పశ్చాత్తాపమనుకున్నారు. ఒప్పుకునే మనసు ఇమ్మని ఏ సంఘం ప్రార్థించిందో ఆ సంఘమే, ఆ పులుపు చెయ్యి నాదేనని నేను ఒప్పుకుంటున్నాననుకుంది. నేను గురి చూసి విసిరిన రాయి గిర్రున తిరిగొచ్చి నా ఒళ్ళోనే పడింది. "ఏడవడం లేదు, కన్ను మూసుకోదు" అని మైకులో అరవాలనిపించింది. ఈలోగా ఆరో మాట చెప్పాల్సినాయన లేచి నా వెనక నిలబడ్డాడు. అయ్యగారు నా తల మీద చెయ్యి పెట్టి, "ఈ సహోదరి ఎంత తగ్గింపుతో ఒప్పుకుందో చూశారు కదా" అన్నాడు. అందరూ ఆమేన్ అన్నారు.

మూడింటికి ఆరాధన ముగిశాక బయట పందిరి కింద మజ్జిగ పోస్తున్నారు. జనం చుట్టూ మూగి నా చేతులు పట్టుకుంటున్నారు. వాళ్ళను తప్పించుకుంటూ సెక్రటరీ అక్క వచ్చింది. రెండు చేతులూ చాచి నన్ను దగ్గరికి తీసుకుంది. చుట్టూ ఉన్నవాళ్ళు చప్పట్లు కొట్టినంత పని చేశారు. ఆమె భుజం మీద నా గడ్డం ఉంది, నా నోరు సరిగ్గా ఆమె చెవి దగ్గరుంది. ఇంతకంటే మంచి సమయం దొరకదు. గొంతు తగ్గించి, ఒక్కో మాటా విడివిడిగా చెప్పాను.

"అక్కా, అది ఏడుపు కాదు. రెప్ప పడక కారే నీళ్ళు. నేను ఒప్పుకున్నది ఏమీ లేదు. ఆ చెయ్యి మీదే. నేను మిమ్మల్ని క్షమించలేదు."

అన్ని పెదవి అక్షరాలూ శుభ్రంగా వచ్చాయి. నా వీపు మీద రాస్తున్న ఆమె చెయ్యి ఆగింది. వదిలేస్తుందనుకున్నాను. తోసేస్తుందనుకున్నాను. తోస్తే బాగుండునని కూడా అనుకున్నాను.

"తెలుసు" అంది ఆమె, నా చెవిలోనే. "నువ్వు మొదలుపెట్టగానే తెలిసింది. అందరూ చూస్తున్నారు, కాసేపు ఇలాగే ఉండు."

అలాగే ఉన్నాం. ఆమె గుండె గబగబా కొట్టుకోవడం నాకు తెలుస్తోంది, నాదీ ఆమెకు తెలిసే ఉంటుంది. తర్వాత నన్ను వదిలి, అందరి వైపూ తిరిగి నవ్వి, మజ్జిగ గిన్నెల దగ్గరికి వెళ్ళి ఎవరికి అందలేదో చూసుకుంది.

వర్షాలు మొదలయ్యేసరికి నా మొహం తొంభై పాళ్ళు తిరిగొచ్చింది. 'ప' కూడా వచ్చింది. మిగిలిందల్లా, ఇప్పటికీ నవ్వితే ఎడమ కన్ను కాస్త చిన్నదవుతుంది. ఫోటోల్లో కన్ను కొట్టినట్టు పడతాను. ఒప్పుకున్నాను కనకనే స్వస్థత వచ్చిందని చర్చిలో చాలాకాలం సాక్ష్యంగా చెప్పుకున్నారు. కాదని నేను ఎవరికని చెప్పను?

ఆమె చెప్పేస్తుందని ఎదురుచూశాను. నేను చెవిలో అన్న మాటలు వచ్చే ఆదివారం మనవుల్లో వస్తాయి, అప్పుడు నేను లేచి నిలబడి మిగతాది కూడా చెప్పేస్తాను అనుకుని సిద్ధంగా కూర్చునేదాన్ని. రాలేదు. ఎవరింట్లో కూర మాడినా పదిమందికి చేరవేసే మనిషి, ఆ ఒక్క సంగతి ఎవరికీ చెప్పలేదు. తన పరువు కోసమో, నా పరువు కోసమో నాకు తెలియదు. తన కోసమే అయి ఉంటుందని ఆ ఏడాదంతా నాకు నేను నచ్చజెప్పుకున్నాను. మరుసటి ఏడాది పట్టికలో నాలుగో మాట ఎదురుగా నా పేరుంది. దస్తూరీ ఆమెదే. ఆమె పేరు ఏ మాట దగ్గరా లేదు.

అయినా నా పగ తీరలేదు. తీరినట్టు నటించను. నాకు కావలసింది పట్టికలో పేరు కాదు. ఆమె నా ఎదురుగా నిలబడి, "ఆ రోజు మైకులో అలా అనడం తప్పు చెల్లీ" అనాలి. అంతే. అంతకు ముందు వంటింట్లో నేను చేసినదానికి నేను అనాల్సిన మాట ఒకటుందని నాకూ తెలుసు, పక్కింటావిడ చెప్పకముందు నుంచే తెలుసు. అది గొంతు దాకా వచ్చిన రోజులున్నాయి. రిటైరయ్యాక ఆమె కాప్రా వైపు ఇల్లు కట్టుకుని వెళ్ళిపోయింది. మోకాళ్ళు పోయాయి, ఐనా ఆదివారం ఆటో కట్టించుకుని ఈ చర్చికే వస్తుంది. నేను ఆమె వెనక రెండో వరసలో కూర్చుంటాను. వెళ్ళేటప్పుడు "వందనాలు చెల్లీ" అంటుంది, "వందనాలక్కా" అంటాను. ఇద్దరం ఒక్క క్షణం ఆగుతాం. ఇంకేదైనా అంటుందేమోనని నేను చూస్తాను, నేనంటానేమోనని ఆమె చూస్తుంది. ఆటోవాడు హారన్ కొడతాడు. ఆమె ఎక్కి వెళ్ళిపోతుంది, నేను ఇంటికొస్తాను. ముందు ఆమె అనాలి.